మందు మారే వారాల్లో ఇల్లు

పిల్లాడికి బైపోలార్, అంటే మనసు ఒకసారి మితిమీరిన ఉషారుకు, ఇంకోసారి కుంగుబాటుకు ఊగిపోయే జబ్బు. పాత మందు రిస్పెరిడోన్ తగ్గిస్తూ కొత్త మందు లిథియం మొదలుపెట్టి నాలుగు రోజులైంది. రాత్రి పన్నెండు దాటినా పిల్లాడు పడుకోలేదు. గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు, పడుకోమంటే కసురుకుంటున్నాడు. కొత్త మందు పడలేదా? పాతది తగ్గించినందుకు ఇలా అవుతోందా? జబ్బు తిరగబెడుతోందా? లేక రేపు లెక్కల పరీక్ష ఉందన్న టెన్షనా? పైకి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. చేయాల్సింది మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఒకదానికి డాక్టర్‌కు వెంటనే ఫోన్ చేయాలి, ఇంకోదానికి రెండు రోజులు ఓపిక పట్టాలి, మరోదానికి పిల్లాడి పక్కన కూర్చుని కాసేపు మాట్లాడితే సరిపోతుంది.

బైపోలార్ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు అన్నిటికన్నా కష్టమైన రోజులు తరచూ ఇవే. జబ్బు ముదిరినప్పుడు కనీసం ఏం జరుగుతోందో తెలుస్తుంది. మందు మారే వారాల్లో అదీ తెలియదు. ఈ అయోమయంలో కొంత స్పష్టత ఇచ్చేది సమయం ఒక్కటే. ప్రతి మందుకూ పని మొదలుపెట్టడానికి ఒక గడువు ఉంటుంది, ఇబ్బంది పెట్టడానికి ఒక గడువు, ఒంట్లోంచి పోవడానికి ఇంకో గడువు. ఆ గడువులు ముందే తెలిసిన ఇంట్లో నాలుగో రోజు రాత్రి కాస్త తక్కువ భయంగా గడుస్తుంది.

మందు మార్చడమంటే వైద్యం ఓడిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి పిల్లల బైపోలార్ వైద్యంలో మార్పు మామూలు విషయం. అమెరికాలో 6 నుంచి 15 ఏళ్ల వయసున్న 279 మంది పిల్లల మీద జరిగి, 2012లో ఫలితాలు వెలువడిన టీమ్ అనే అధ్యయనం ఉంది. అంతకుముందు మేనియాకు, అంటే ఆ మితిమీరిన ఉషారు దశకు, మందులేవీ వాడని పిల్లల్ని మూడు గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో మందు ఇచ్చారు. 8 వారాల తర్వాత చూస్తే రిస్పెరిడోన్ తీసుకున్నవారిలో 68.5 శాతం మందికి, లిథియం తీసుకున్నవారిలో 35.6 శాతం మందికి, వాల్‌ప్రోయేట్ తీసుకున్నవారిలో 24 శాతం మందికి గుణం కనిపించింది. అన్నిటికన్నా బాగా పనిచేసిన మందు కూడా ప్రతి 10 మందిలో ముగ్గురికి సరిపోలేదు. పైగా ఎక్కువ మందికి పనిచేసిన ఆ రిస్పెరిడోనే బరువును కూడా మిగతా రెండింటికన్నా ఎక్కువ పెంచింది. మేనియా తగ్గిన పిల్లాడు ఆరు నెలల తర్వాత బరువు కారణంగా మళ్లీ మందు మార్చుకోవాల్సి రావడం ఇందువల్లే.

ఇంకో కారణం, జబ్బు పేరే మారడం. పిల్లల్లో బైపోలార్ చాలాసార్లు కుంగుబాటుతో మొదలవుతుంది. అప్పటికి అది మామూలు డిప్రెషన్‌లాగే ఉంటుంది కాబట్టి డాక్టర్ దానికి తగ్గ మాత్రలే రాస్తారు. కొందరు పిల్లల్లో ఆ మాత్రలు వాడుతుండగా మనసు అవతలి కొసకు ఎగిరిపోతుంది. నిద్ర తగ్గుతుంది, మాట వేగం పెరుగుతుంది, గొప్పలు కోయడం మొదలవుతుంది, చేతిలో డబ్బు నిలవదు. అక్కడ మొత్తం మందుల చీటీ మారిపోతుంది. దీనికి తిరుగు దిశ కూడా ఉంది. 1990ల మధ్య నుంచి అమెరికాలో చీటికీ మాటికీ కోపం తెచ్చుకునే పిల్లలకు విచ్చలవిడిగా బైపోలార్ పేరు పెట్టేశారు. అది సరికాదని గుర్తించి, 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 అనే, అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకంలో అలాంటి పిల్లలకోసం వేరే జబ్బు పేరు చేర్చారు. అంటే చాలా ఏళ్లుగా బైపోలార్ మందులు వాడుతున్న పిల్లవాడికి ఆ మందులు అవసరమా అని తిరిగి చూడటం కూడా వైద్యంలో భాగమే. డాక్టర్ మాట మార్చారని కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు.

ఇక గడువుల సంగతి. మేనియాకు వాడే రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, అరిపిప్రజోల్ లాంటి మందుల పని కొన్ని రోజుల నుంచి రెండు వారాల లోపు కనిపించడం మొదలవుతుంది. లిథియానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. లామోట్రిజిన్‌కు నెలన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. కాబట్టి లిథియం వేసిన నాలుగో రోజున దాని పనితనం గురించి తీర్పు చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి పాత మందు తగ్గడమే ఎక్కువ అవకాశమున్న కారణం. నిద్ర తెప్పించే గుణమున్న మందు డోసు తగ్గినప్పుడు కొన్ని రాత్రులు నిద్ర చెదరడం, కడుపులో తిప్పినట్టు ఉండటం మామూలే. అయితే నిద్ర తగ్గినా పగలు అలసట లేకుండా ఉషారుగా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పాలి, అది మేనియాకు తొలి గుర్తు. నిద్ర పట్టక బాధపడటం వేరు, నిద్రే అక్కర్లేదన్నట్టు ఉండటం వేరు.

లిథియం గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. తెలుగు ఇళ్లలో దీని చుట్టూ భయమూ ఎక్కువే, అజాగ్రత్తా ఎక్కువే. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మేనియాకు దీన్ని వాడి చూసిన నాటి నుంచి ఇప్పటిదాకా నిలిచిన మందు ఇది. ఆత్మహత్య ముప్పును తగ్గించగలదని బలమైన ఆధారాలున్న కొద్ది మందుల్లో ఒకటి. కానీ పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండేలా చూస్తారు, 1.5 దాటితే ప్రమాదం. డోసు మార్చిన ప్రతిసారీ రక్తంలో మట్టం కుదురుకోవడానికి 5 రోజులు పడుతుంది, అందుకే పరీక్ష ఆ తర్వాతే చేస్తారు. రక్తం ఇవ్వాల్సింది చివరి మాత్ర వేసిన 12 గంటలకు. రాత్రి 8కి మాత్ర వేస్తే ఉదయం 8కి ల్యాబ్‌లో ఉండాలి, రక్తం ఇచ్చాకే ఉదయం మాత్ర వేయాలి. అలవాటు కొద్దీ ఇంట్లోనే మాత్ర వేసి తీసుకెళ్తే రిపోర్టులో అంకె ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే పిల్లాడికి అందాల్సిన మందు అందదు.

కిడ్నీలు లిథియాన్ని దాదాపు ఉప్పులాగే చూస్తాయి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు ఉప్పును దాచుకున్నట్టే లిథియాన్నీ దాచుకుంటాయి, రక్తంలో అది పెరిగిపోతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండ 45 డిగ్రీలకు చేరేటప్పుడు మధ్యాహ్నం క్రికెట్ ఆడి చెమటతో తడిసి వచ్చే పిల్లాడికి ఇది పుస్తకాల్లోని మాట కాదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజైనా, నీళ్లు తాగకుండా ఉపవాసం ఉన్న రోజైనా అంతే. తాతయ్యకు బీపీ వచ్చిందని ఇంటిల్లిపాదికీ హఠాత్తుగా ఉప్పు తగ్గించినా లిథియం పెరుగుతుంది. ఉప్పు ఎక్కువ తినమని అర్థం కాదు, రోజూ తినే తీరులో తేడా రాకూడదని. జ్వరానికో ఒంటి నొప్పులకో మెడికల్ షాపులో అడిగి తెచ్చే మాత్రల సంగతి మరీ ముఖ్యం. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ రెండూ లిథియాన్ని పెంచుతాయి. కాంబిఫ్లామ్‌లో ఉండేది పారాసెటమాల్ ఒక్కటే కాదు, ఐబూప్రొఫెన్ కూడా. ఒట్టి పారాసెటమాల్‌తో ఈ ఇబ్బంది లేదు. మొదట్లో చేతి వేళ్లు సన్నగా వణికి అక్షరాలు వంకర పోవడం చాలామందిలో కనిపిస్తుంది, దాన్ని తర్వాతిసారి వెళ్లినప్పుడు చెప్పొచ్చు. వణుకు పెద్దదై, నడక తూలుతూ, మాట ముద్దగా వస్తూ, మగతగా ఉంటే మాత్రం తర్వాతి మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

షాపులో ఇంకో చిక్కు కూడా ఉంది. “ఆ కంపెనీది లేదు, ఇది కూడా అదే మందు” అని వేరే స్ట్రిప్ ఇస్తారు. లిథియంలో మామూలు మాత్ర వేరు, ఎస్‌ఆర్ అని రాసి ఉన్న, నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర వేరు. మిల్లీగ్రాములు కూడా కంపెనీని బట్టి తేడా ఉండొచ్చు. ఇంట్లో ఎవరికీ తెలియకుండానే మందు మారిపోయినట్టు అవుతుంది. మార్పు మధ్యలో ఉన్నప్పుడు ఒకటే షాపు, ఒకటే బ్రాండు పెట్టుకోవడం మంచిది. ఖాళీ స్ట్రిప్ దాచి చూపిస్తే డాక్టర్‌కు పని తేలికవుతుంది.

లామోట్రిజిన్ మొదలుపెట్టినప్పుడు తల్లిదండ్రుల ఓపికకు పరీక్షే. పెద్ద పిల్లలకు సాధారణంగా రోజుకు 25 మిల్లీగ్రాములతో రెండు వారాలు, 50తో ఇంకో రెండు వారాలు, అలా మెట్లు ఎక్కుతూ పోతారు. వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే ఇంకా నెమ్మదిగా, ఎందుకంటే అది రక్తంలో లామోట్రిజిన్‌ను రెట్టింపు చేస్తుంది. ఈ నత్తనడకకు కారణం చర్మం. తొందరగా పెంచితే స్టీవెన్స్ జాన్సన్ అనే, చర్మం ఊడిపోయేంత తీవ్రమైన రియాక్షన్ రావచ్చు. అరుదే అయినా పెద్దవాళ్లకన్నా పిల్లల్లో ఎక్కువ. మొదటి రెండు నెలల్లో దద్దుర్లు, నోటిపూత, కళ్లు ఎర్రబడటం, జ్వరం కనిపిస్తే మన ఇళ్లలో “వేడి చేసింది” అని మజ్జిగ తాగించి పడుకోబెడతారు. లామోట్రిజిన్ వాడుతున్న పిల్లల విషయంలో ఆ మాట మానేయాలి. అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ఊరెళ్లి మాత్రలు మర్చిపోయి ఐదు రోజులు దాటిపోతే, ఆగిన చోట నుంచి మళ్లీ మొదలుపెట్టకూడదు. డాక్టర్‌ను అడిగితే సాధారణంగా కింది మెట్టు నుంచే మొదలుపెట్టమంటారు.

రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి మందులు మొదలుపెట్టిన లేదా పెంచిన మొదటి రోజుల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి వెళ్లి అక్కడే నిలిచిపోవడం జరగొచ్చు. చూసినవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. గాలి సోకిందని తాయెత్తుకు పరిగెత్తిన కుటుంబాలు ఎన్నో. ఇది మందు వల్ల కండరం బిగుసుకోవడం, సరైన ఇంజెక్షన్‌తో అరగంట లోపే తగ్గిపోతుంది. ఈ సంగతి మందు రాసిన రోజే చెప్పి, అవసరమైతే పేసిటేన్ లాంటి విరుగుడు మాత్ర ఎప్పుడు వేయాలో చీటీ మీదే రాస్తే ఎంత భయం తప్పుతుందో.

దీనికన్నా మోసం చేసేది ఈ మందుల వల్లే వచ్చే అకతీసియా అనే ఇబ్బంది. పిల్లాడు కూర్చోలేడు, నిలబడలేడు, కాళ్లు ఆడిస్తూనే ఉంటాడు, చిరాకు పడతాడు. ఇంట్లోవాళ్లు మేనియా పెరిగిందనుకుంటారు, ఫోన్‌లో అలాగే చెబుతారు, డోసు పెరుగుతుంది, బాధ ఇంకా పెరుగుతుంది. అడిగి చూస్తే తేడా తెలుస్తుంది. మేనియాలో ఉన్న పిల్లాడికి కూర్చోవాలనే ఉండదు, చేయాల్సిన పనులు బుర్రలో వంద ఉంటాయి. అకతీసియాలో ఉన్న పిల్లాడు కూర్చోవాలనుకుంటాడు, ఒళ్లు కూర్చోనివ్వదు. “కాళ్లలో ఏదో పాకుతున్నట్టుంది” అంటాడు. డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పాల్సింది పిల్లాడన్న ఆ మాటనే, “మళ్లీ ఎక్కువైంది” అన్న మన తీర్పును కాదు.

పిల్లలు అడిగితే తప్ప చెప్పనివి కూడా ఉంటాయి. రిస్పెరిడోన్ వల్ల ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి మగపిల్లాడికి ఛాతీ ఉబ్బితే వాడు ఎవరికీ చెప్పడు, షర్టు మీద షర్టు వేసుకుంటాడు, ఒక రోజు నుంచి మాత్ర నాలుక కింద దాచి ఉమ్మేస్తాడు. లిథియం వల్ల మొటిమలు పెరిగిన అమ్మాయైనా, మూడు నెలల్లో యూనిఫాం పట్టనంత బరువు పెరిగిన పిల్లాడైనా అదే చేస్తారు. మందు పనిచేయడం లేదని డాక్టర్ డోసు పెంచుతారు, లేదా మార్చేస్తారు. అసలు మందు కడుపులోకే పోలేదు. అందుకే ఏ మార్పుకైనా ముందు “నిజంగా వేసుకుంటున్నావా?” అన్న ప్రశ్నకు భయం లేకుండా జవాబు చెప్పగలిగే వాతావరణం ఇంట్లో ఉండాలి. మానేశానని చెప్పిన రోజు తిట్లు పడితే, మళ్లీ ఎప్పుడూ చెప్పడు.

అమ్మాయిల విషయంలో వాల్‌ప్రోయేట్ గురించి విడిగా మాట్లాడాలి. గర్భంతో ఉన్నప్పుడు వాడితే పుట్టే పిల్లల్లో సుమారు 10 మందిలో ఒకరికి అవయవ లోపాలు, 10 మందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు వచ్చే ముప్పు ఉంది. బ్రిటన్‌లో 2018 నుంచి గర్భం రాకుండా జాగ్రత్తలు తీసుకునే కార్యక్రమం లేకుండా ఆడవాళ్లకు దీన్ని ఇవ్వకూడదన్నారు. 2024 జనవరి నుంచి 55 ఏళ్లలోపు ఎవరికి కొత్తగా మొదలుపెట్టాలన్నా ఇద్దరు నిపుణులు ఒప్పుకోవాలి. నెలసరి తప్పడం, పీసీఓడీ సమస్య కూడా దీంతో ఎక్కువ. పద్నాలుగేళ్ల అమ్మాయి విషయంలో గర్భం మాట ఎత్తడం మన ఇళ్లలో ఇబ్బందే. కానీ ఇప్పుడు అడగకపోతే, పెళ్లి కుదిరాక హడావుడిగా మందు మార్చాల్సి వస్తుంది. బాగా కుదురుకున్న మనిషిని మళ్లీ మార్పులోకి తోయడం అది. మొదలుపెట్టే రోజే వేరే దారి ఉందా అని అడగడం మేలు.

ఆపడానికి కూడా పద్ధతి ఉంది. పిల్లాడు బాగానే ఉన్నాడని, బంధువులు “ఈ వయసులో ఇన్ని మందులా, అలవాటు పడిపోతాడు” అన్నారని ఒక్కరోజులో ఆపేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. లిథియం హఠాత్తుగా ఆపితే మేనియా తిరిగి వచ్చే ముప్పు బాగా పెరుగుతుంది. కనీసం 4 వారాలు, వీలైతే 3 నెలల పాటు నెమ్మదిగా తగ్గించాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. క్లొనజెపామ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

మార్పు ఎప్పుడు పెట్టుకోవాలన్నది డాక్టర్‌తో కలిసి ఆలోచించదగ్గ విషయం. ఇంటర్ చదివే పిల్లలున్న రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజామున లేపి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్స్ నడుపుతారు. నిద్ర కోత బైపోలార్‌లో మేనియాను రగిల్చే కారణాల్లో ముందు వరసలో ఉంటుంది. రాత్రి క్వెటియాపిన్ వేసుకున్న పిల్లాణ్ణి ఐదింటికి లేపితే మత్తు వదలదు, వాడికి సోమరి అన్న పేరొస్తుంది. ప్రమాదం లేని మార్పు అయితే దసరా, సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో ఉన్నప్పుడు మొదలుపెట్టడం నయం. వేసవి సెలవులు పొడవైనవే, కానీ లిథియం అయితే ఎండ సంగతి పైన చెప్పిందే. ఆత్మహత్య ఆలోచనలు గానీ, ఒళ్లు తెలియని మేనియా గానీ ఉంటే క్యాలెండర్ చూడకూడదు.

ఓపీలో డాక్టర్ ముందు దొరికేది ఐదు పది నిమిషాలు. “ఎలా ఉన్నాడు?” అంటే “పర్లేదండీ” అన్న జవాబుతో సగం అయిపోతుంది. నోట్‌బుక్‌లో రోజుకు ఒక్క వరస చాలు. ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నాడు, ఆ రోజు కనిపించిన ఒక్క సంగతి. “కోపంగా ఉన్నాడు” అని రాస్తే ఏమీ తెలియదు. “అన్నం చల్లారిందని ప్లేటు విసిరాడు, పది నిమిషాల్లో వచ్చి సారీ చెప్పాడు” అంటే డాక్టర్‌కు చాలా తెలుస్తుంది. అమ్మాయి అయితే నెలసరి తేదీలు కూడా రాయాలి. కాస్త పెద్ద పిల్లలైతే తమ వరస తామే రాసుకోవాలి, అమ్మ రాసిన దానికీ వాడు రాసిన దానికీ తేడా ఉన్న చోటే మాట్లాడాల్సింది ఉంటుంది. ఈ వారాల్లో ఇంకే మార్పూ పెట్టకపోవడం కూడా ముఖ్యం. కొత్త ట్యూషన్, ఎవరో చెప్పిన చూర్ణం, జిమ్ పౌడర్ ఒకేసారి మొదలైతే దేని ఫలితం ఏదో ఎవరూ చెప్పలేరు.

ఇంటి గొంతు కూడా లెక్కలోకి వస్తుంది. కుటుంబాన్ని కలుపుకుని చేసే చికిత్స మీద అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మిక్లోవిట్జ్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో తేలిందేమంటే, ఎత్తిపొడుపులు, తగవులు ఎక్కువున్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ, ఇంటివాళ్లు మాట్లాడే తీరు నేర్చుకుంటే పిల్లలు తేరుకోవడం మెరుగవుతుంది. మందు వద్దని నాన్న, కావాలని అమ్మ పిల్లాడి ముందే వాదించుకుంటే వాడు ఏ మాత్ర మింగాలో ఎలా నిర్ణయించుకుంటాడు?

మార్పు సమయంలో ఇంట్లో మాత్రలు రెట్టింపు ఉంటాయి, పాతవీ కొత్తవీ. అవి తాళం లోపల ఉండాలి. లిథియం ఒక స్ట్రిప్పు మింగినా ప్రాణం మీదకు రావచ్చు. డిప్రెషన్ మాత్రలు మొదలుపెట్టిన, డోసు మార్చిన తొలి వారాల్లో చిన్న వయసువాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే పెట్టె గీసి మరీ హెచ్చరిక ముద్రించమంది. చావు మాట ఎత్తిన పిల్లాడిని “అలాంటివి అనకూడదు” అని ఆపేయకుండా పూర్తిగా విని, ఒంటరిగా వదలకుండా, అదే రోజు డాక్టర్‌తో మాట్లాడాలి. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఆ పేర్లకు ఊళ్లలో అంటగట్టిన వెక్కిరింతను పట్టుకుని పిల్లాణ్ణి ఇంట్లోనే ఉంచేస్తే నష్టపోయేది ఆ పిల్లాడే.

మార్పు ఎప్పుడు పూర్తయినట్టు? ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. పాతది సగానికి తగ్గి, కొత్తది సగానికి చేరిన దశలో పిల్లాడు కుదుటపడతాడు. అందరికీ ఊరట. ఇప్పుడు కదిపితే ఏమవుతుందోనన్న భయంతో రెండూ అలాగే ఉండిపోతాయి. ఏడాది తర్వాత ఇంకో మార్పులో ఇంకోటి చేరుతుంది. పదహారేళ్లకు నాలుగు రకాల మాత్రలు వేసుకుంటున్న పిల్లల్లో కొందరి చీటీ ఇలా పెరిగిందే. నిజంగా రెండూ అవసరమయ్యే పిల్లలు కూడా ఉంటారు. అందుకే కొత్త మందు మొదలుపెట్టిన రోజే “పాతది ఏ తేదీకి పూర్తిగా ఆగుతుంది? ఆపకపోతే ఎందుకు ఆపడం లేదు?” అని డాక్టర్‌ను అడిగి, ఆ జవాబును నోట్‌బుక్ మొదటి పేజీలో తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. ఆ తేదీ వచ్చిన వారం పిల్లాడు హాయిగా నిద్రపోతున్నా సరే, ఆ పేజీ తీసుకుని ఓపీకి వెళ్లాలి.